ఎడమ తలుపు బావమరిదికి

పాత కార్లకు రేకుపని చేసే షెడ్డు నడుపుకుంటూ, వీధిలో అందరిచేతా తుప్పు మేస్త్రీ అనిపించుకుంటున్న, యాభై రెండేళ్ళ వయసు గల నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరూ బెదిరించకుండా, బతిమాలకుండా, నా ఇష్టప్రకారం రాసి ఇస్తున్న వీలునామా ఇది. నా మతి స్థిరంగా ఉందని డాక్టరు గారు కాగితం ఇచ్చారు. మా ఆవిడకు ఆ కాగితం మీద నమ్మకం లేదు. అయినా చట్టం డాక్టరు మాటే వింటుందట.

ఎల్లుండి నాకు గుండె ఆపరేషను. కాలిలోంచి నరం ముక్క తీసి గుండె దగ్గర అతుకుతారట. "అతికే ముందు అమర్చి చూసుకుంటారా సార్?" అని అడిగితే, "నువ్వు నోరు మూసుకుని పడుకో, చాలు" అన్నారు డాక్టరు గారు. తిరిగొస్తే ఈ కాగితం నేనే చింపేస్తాను. రాకపోతే దీన్ని అమలుచేసే బాధ్యత నా కూతురిది. అది లెక్కల టీచరు, ఎవరు ఏడ్చినా కరగదు, కాబట్టి ఈ పనికి తగినది.

ప్లీడరు గారు స్థిరాస్తులు ఒకచోట, చరాస్తులు ఒకచోట రాయమన్నారు. కారు చరాస్తి అన్నారు. "మా కారు వచ్చిననాటి నుంచి షెడ్డులోంచి అంగుళం కదల్లేదండీ" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అందుచేత రెండూ కలిపే రాస్తున్నాను.

1. షెడ్డు, అందులోని వెల్డింగు సెట్టు, గ్రైండర్లు, సుత్తులు, పైన కారే కప్పుతో సహా మా ఆవిడకు. ఇది నేనిచ్చేది కాదు, ఆవిడదే. నేను అతికిన ప్రతి రేకు జాయింటు మీదా సీలెంటు పట్టించి, సబ్బునీళ్ళలో ముంచిన వేలితో సన్నగా గీత లాగింది ఆవిడ. నా వెల్డింగు ఎంత గట్టిదైనా, ఆ గీత లేకపోతే సందులో చేరిన చుక్క నీరే రేకును లోపల్నుంచి తినేస్తుంది. వచ్చినవాళ్ళు "మేస్త్రీ, నీ చేతిలో ఏదో ఉందయ్యా" అని మెచ్చుకున్నప్పుడల్లా, ఆవిడ మూలన కూచుని గోళ్ళలో సీలెంటు గీక్కుంటూ "అవునవును, ఆయన చెయ్యే" అనేది. ఆ మెప్పంతా ఇందుమూలంగా ఆవిడకు బదిలీ చేయడమైనది. భోజనం దగ్గర ఆ బూడిదరంగు గోళ్ళు చూస్తే నాకెంత ధైర్యంగా ఉండేదో ఎప్పుడూ చెప్పలేదు. చెబితే జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టుకుని చూసేది.

2. పక్క షాపు పెయింటరుకు, మిగిలిన సగం డబ్బా పుట్టీ. గుంట కనిపిస్తే పుట్టీ, మాట తోచకపోతే వెటకారం, ఇదీ ఆయన విద్య. అలాగే ఆయన కారులో మలుపు తిరిగినప్పుడల్లా "టింగు" మనే చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పి పోతున్నాను. వెనక కుడి తలుపు లోపల, దారానికి కట్టిన నట్టు. కట్టింది నేనే. ఎందుకు కట్టానో నాలుగో పేరా చదివితే అర్థమవుతుంది. పశ్చాత్తాపం ఏమీ లేదు.

3. కారు. ఇది నాకు పని నేర్పిన పెద్ద మేస్త్రీ ఇచ్చిపోయిన కారు. ఇచ్చేనాటికి అది కారు కాదు, జల్లెడ. "తుప్పు కోసెయ్, మిగిలింది నీది" అన్నాడు. కోస్తే స్టీరింగు మిగిలింది. ఆ మహానుభావుడు చెవి మెలేసి నేర్పాడు, ఇప్పటికీ నా కుడి చెవి కాస్త పొడుగు. కొత్త రేకు అతికేటప్పుడు ఇక్కడొక వెల్డింగు చుక్క, ఆ చివరొక చుక్క పెట్టి, చెయ్యి ఆనించగలిగేదాకా చల్లారనిచ్చి, అప్పుడు మూడోది పెట్టమనేవాడు. ఆత్రంగా ఒకే గీతలా లాగేస్తే రేకు వేడెక్కి, తడిసి ఆరిన అట్టలా మెలికలు తిరుగుతుంది. నా నోటికి లేని తీరిక నా చేతికి ఉందంటే అది ఆయన భిక్ష. ఆ తీరికతో అతికిన ఈ కారు కుడిభాగం, తలుపులతో సహా, నా కూతురికి.

4. ఎడమభాగం మా బావమరిదికి, అంటే మా ఆవిడ తమ్ముడికి. ఇందుకు కారణం రాయాలి.

రెండేళ్ళ కిందట నాకు మొదటిసారి గుండె పట్టేసి ఆస్పత్రిలో ఉన్నప్పుడు, బావ లేచి వచ్చేసరికి కారు సిద్ధంగా ఉండాలని ఎడమ గడప వీడొక్కడే మార్చాడు. గడప అంటే తలుపుల కింద పొడుగ్గా పెట్టెలా ఉండే భాగం, కారుకు అదే నడుము. పాత గడప కోసే ముందు కారును నాలుగు చక్రాల మీద నిలబెట్టి, లోపల అడ్డంగా ఇనుప కడ్డీలు బిగించి, తలుపులు వేసి చూసుకోవాలి. వీడు రెండు చివర్లా జాకీలు పెట్టి లేపి, తలుపులు ఊడదీసి, మధ్యలో గడప కోశాడు. నడుము జారింది. జారిన నడుము మీదే కొత్త గడప అతికేశాడు. తర్వాత తలుపు బిగిస్తే పైమూల కరుచుకుంది, పడలేదు.

నేను ఇంటికొచ్చిన రోజు షెడ్డులో అందరూ చేరారు. "తాడేసి కట్టుకో మేస్త్రీ" అన్నాడు పెయింటరు. (నట్టు సంగతి అర్థమైందనుకుంటాను.) బావమరిది చేతులు తుడుచుకుంటూ నా తిట్ల కోసం నిలబడ్డాడు. నేను వంగి, నీళ్ళు పోవడానికి వదిలే కన్నంలోంచి టార్చి వేసి, చిన్న అద్దంతో గడప లోపల చూశాను. ఇక ఎవరి కన్నూ పడని ఆ చీకట్లో, అంగుళం వదలకుండా, తుప్పు పట్టకుండా ప్రైమరు పూసి ఉంది. దాని మీద మైనం కొట్టి ఉంది. కన్నాలన్నీ తెరిచి ఉన్నాయి. అంత శ్రద్ధగా తప్పు చేసినవాణ్ణి ఏమని తిట్టను? టార్చి ఆర్పేశాను. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయాను.

మర్నాటి నుంచి వాడు షెడ్డు గుమ్మం తొక్కలేదు. వీధి చివర లారీల షాపులో చేరాడు. "బావ తిట్టలేదక్కా. అంటే ఇంక నన్ను పనివాడి కింద లెక్కెయ్యట్లేదన్నమాటే" అన్నాడట మా ఆవిడతో. లోకంలో తిట్లు తిని అలిగినవాళ్ళుంటారు. తిట్లు పడలేదని అలిగినవాడు మా ఇంట్లోనే పుట్టాలి.

5. కావున ఆనాడు పడవలసిన తిట్లు ఈనాడు వాడికి రాసి ఇస్తున్నాను. ఒరేయ్ దున్నపోతా. నీ తల ఒక కుర్చీ మీద, మడమలు ఒక కుర్చీ మీద పెట్టి పడుకోబెట్టి, దర్జీని పిలిచి చొక్కా కొలత తియ్యమంటే సరిగ్గా వస్తుందట్రా? తలుపులు లేకుండా గడప అతికావే, రేపు పెళ్ళికూతురు లేకుండా తాళి కడతావా? నీకు వెల్డింగు నేర్పినందుకు నా కుడి చెవి కూడా నన్ను చూసి నవ్వుతోంది. ప్రైమరు మాత్రం నాకంటే బాగా పూశావు. ఈ చివరి వాక్యం పైకి చదవకూడదు.

తిట్లతో పాటు మా ఆవిడ పాత దువ్వెన కూడా వాడికే. తలుపు సందులో దాని వెన్ను పైనుంచి కిందిదాకా జారాలి. ఎక్కడా ఇరుక్కోకూడదు, ఎక్కడా వదులు కాకూడదు. అప్పుడే గడపకు మొదటి చుక్క పెట్టాలి.

షరతు: ఏడాది లోపల వీడు ఎడమ గడప కోసి, సరిగ్గా అతికి, వాళ్ళక్క చేత సీలెంటు గీత లాగించాలి. ఎడమ తలుపు ఒక్క వేలితో తోస్తే పడాలి. లేనిపక్షంలో రెండు భాగాలూ కలిపి కారు మొత్తం పెయింటరుకు చెందును. ఆయన దాన్నంతా పుట్టీతో నింపుతాడు. అది పెద్ద మేస్త్రీ కారు. ఆలోచించుకోండి.

6. పైదంతా టైపు చేయించాను, ఈ పేరా మాత్రం చేత్తో రాస్తున్నాను. వీలునామాలో వాటా ఉన్నవాడు సాక్షి సంతకం పెట్టకపోవడం మంచిదని ప్లీడరు గారు చెప్పినప్పుడే నాకు ఉపాయం తట్టింది. "ఆపరేషనుకు పోతున్నాను, సాక్షి సంతకానికి రారా" అని బావమరిదికి కబురు పెట్టాను. కాదనలేక ఇందాక వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి "ఎక్కడ పెట్టాలి బావా?" అన్నాడు. చదవకుండా పెట్టకూడదన్నాను. లోపలికొచ్చి స్టూలు మీద కూచుని చదివాడు. ఐదో పేరా రెండుసార్లు చదివాడు. పెన్ను బల్ల మీద పెట్టేసి, దువ్వెన తీసుకుని, కారుకు అటువైపు వెళ్ళాడు. ఇప్పుడు గ్రైండరు ఎక్కడుందని వాళ్ళక్కను అడుగుతున్నాడు. "ముందు కారు కిందకు దించి తలుపులు బిగించరా" అని ఇక్కణ్ణుంచే అరిచాను.

"తెలుసులే, నోర్ముయ్ బావా" అన్నాడు.

నాకింక ఎవరి మీదా ఏమీ లేదు, పెయింటరు మీద తప్ప.

తేదీ: 11 ఆగస్టు 2026, మంగళవారం. నా షెడ్డులో, నా చేవ్రాలు:
తుప్పు మేస్త్రీ

సాక్షులు:
బావమరిది (కొట్టివేయడమైనది. పనిలో ఉన్నాడు.)
సీట్లు కుట్టే పెద్దాయన
ఎదురు టీకొట్టు ఆవిడ