తొమ్మిది మామిడికాయలు

మదనపల్లె
గురువారం

పెద్దక్క పాదాలకు తమ్ముడు వెంకటప్ప దండం పెట్టి వ్రాసుకునే ఉత్తరం. ఇక్కడ నేను, అబ్బాయి, కోడలు, మనవరాలు సుగుణ అందరమూ బాగానే ఉన్నాము. నీ మోకాలి నొప్పి ఎలా ఉందో, బావకు దగ్గు తగ్గిందో లేదో ఎవరి చేతనైనా వ్రాయించు.

గుడుపల్లె విడిచి ఇక్కడికి వచ్చి ఏడు నెలలయింది. చలి ఎక్కువ. సంగటి వారానికొకసారి, తక్కిన రోజులన్నీ అన్నమే. తిన్నట్టే ఉండదు. ఈ పక్కకు ఎవరైనా వస్తే రాగిపిండి పంపించు. అబ్బాయి బస్సు డ్యూటీకి, కోడలు ఆసుపత్రి డ్యూటీకి పోతారు. మాట్లాడే మనిషి లేడు. నేనూ మాట్లాడేవాణ్ణి కాదు కాబట్టి జరిగిపోతోంది. నా గురించి బెంగపెట్టుకోవద్దు.

నా పనల్లా సుగుణను బడికి తీసుకొనిపోవడం, తీసుకొనిరావడం. ఒకటో తరగతి, ఫీజు కట్టే బడి. గేటు దగ్గర తండ్రులు స్కూటర్లు నిలిపి, నీ కొడుక్కి ఎన్ని మార్కులు, నా కొడుక్కి ఎన్ని అని మాట్లాడుకుంటారు. వాళ్లే పరీక్ష రాసినట్టు. సగం నిజమే. ఇంటిపని వాళ్లే రాస్తారు, బొమ్మలు వాళ్లే వేస్తారు. పిల్లలు మోసేది సంచి ఒక్కటే, కొందరికి అదీ తండ్రే మోస్తాడు.

ఈమధ్య చేతిపని అని చెప్పి, ప్రతి పిల్లా మట్టితో ఒక కాయో పండో చేసి తేవాలన్నారు. శనివారం పెద్దలు వచ్చి చూడాలట. సుగుణ రెండు రోజులు కూర్చొని వంకాయ చేసింది. ఒకపక్కకు ఒరిగింది కానీ వంకాయే. తొడిమకు చీపురుపుల్ల గుచ్చింది. నేను చెయ్యి పెట్టబోతే, "నువ్వు ముట్టగూడదు తాతా, టీచరు నన్నే చెయ్యమనింది" అంది.

అబ్బాయికి, కోడలికి సెలవు దొరకలేదు. నేనే పోయాను. కుర్చీలు స్కూటరు తండ్రులకు. నేను గోడకు ఆనుకొని నిలబడ్డాను. బల్లమీద తొమ్మిది మామిడికాయలు, నిగనిగలాడే రంగుతో. అక్కా, తొమ్మిదింటికీ ముక్కు కింద ఒకేచోట చిన్న బొడిపె. పుంగనూరు నుంచి వచ్చి సంతలో మట్టిబొమ్మలు అమ్మే ఆమె అచ్చుకు అక్కడ పెచ్చు లేచింది. ఆ వారం సంతలో ఆమె పక్కనే కూర్చొని ఆ అచ్చు చూశాను. తొమ్మిదిమంది తండ్రులు ఒకరికి తెలియకుండా ఒకరు పోయి ఆమె దగ్గరే కొన్నారు.

వంకాయ బల్ల కింద ఉంది.

టీచరమ్మ పిల్లను అందరి ముందూ నిలబెట్టింది. "ఇది ఎవరు చేసినారు?"

"నేనే మేడం."

"ఇంట్లో ఎవరూ పట్టించుకోరా?" అని నా పక్కకు తిరిగి, "ఏం పెద్దాయనా, బిడ్డకు కొంచెం సాయం చేసేదానికేమి? ఇట్లయితే రెండో తరగతికి ఎట్ల పంపేది?" అంది.

బ్యాంకులో పనిచేసే తండ్రి ఒకడు, "పల్లెటూరోళ్లు గదా మేడం, వంకాయ దాటి పోలేరు" అన్నాడు. అందరూ నవ్వారు.

నీకు తెలుసు, మన ఊరి పంచాయతీలో కూడా నేను వెనకనే కూర్చునేవాణ్ణి. అయినా నోటి నుంచి వచ్చేసింది. "ఆ మామిడికాయలు ఒకతూరి తిప్పి సూడు తల్లీ. ముక్కు కింద బొడిపె ఉండాది. అన్నీ ఒకే అచ్చులోవి."

టీచరమ్మ రెండు తిప్పింది. మూడోది తిప్పలేదు. సిగ్గుపడ్డారనుకున్నావా? "కొంటే ఏమిప్పుడు? బిడ్డమీద శ్రద్ధ ఉండబట్టే గదా కొన్నాం" అన్నాడు బ్యాంకాయన. టీచరమ్మ తలూపి, "మీరూ సోమవారానికి మంచిది ఒకటి తెచ్చీండి. కొన్నా పరవాలేదు" అని నాతో అంది.

ఇదీ వీళ్ల చదువు.

ఇంటికి రాగానే సుగుణ మిగిలిన మట్టి పారబోసి, "నాకు రాదు తాతా, నువ్వు కొనియ్యి" అంది. పలకమీద అక్షరం దిద్దమన్నా అదే మాట. "నాకు రాదు, నువ్వు రాయి." సోమవారం బడికి పోనని గడపలో కూర్చుంది. మూడు రోజులు బలపం ముట్టలేదు. ఫీజు తీసుకొని, ఆరేళ్ల పిల్లకు తన చేతులు పనికిరావని నేర్పించారు.

మునిసిపాలిటీ బడిలో వేద్దామని అబ్బాయితో చెప్పాను. నేను నోరు తెరిచేదే తక్కువ కాబట్టి విన్నాడు. కోడలు మాత్రం, "ఆ బడికా మామా, నలుగురూ ఏమనుకుంటారు?" అంది. ఆ నలుగురినీ చూసే వచ్చినాను గదమ్మా, అన్నాను. అలిగి ఉంది. నువ్వు రెండు మంచి మాటలు వ్రాయిస్తే వింటుంది.

నిన్న పొద్దున బడి కూడకముందే పిల్లను తీసుకొనిపోయాను. నేలమీద కూర్చోవాలి, పెంకులు ఒకచోట కారతాయి. తండ్రి ఉద్యోగం అడుగుతారని అది రాసిన కాగితం జేబులో పెట్టుకొని పోయాను. అయ్యవారు నన్నేమీ అడగలేదు. వంగి, "నీ పేరు రాస్తావా అమ్మా?" అని పిల్లకు పలక ఇచ్చాడు. అది పలక నాకు చాపింది. "తాత బడి ఎప్పుడో అయిపోయినాది. ఆయన్ను బయట కూర్చోమను" అన్నాడు.

పోయి అరుగుమీద కూర్చున్నాను. జేబులో కాగితం తీసి విప్పుతూ, మడుస్తూ ఉన్నాను. తర్వాత లోపల బలపం గీరే చప్పుడు మొదలైంది.

బావకు నా దండాలు. ఇంట్లో పెద్దలందరినీ అడిగానని చెప్పు. సుగుణ తలమీద నీ చెయ్యి పెట్టినట్టే అనుకొని దీవించు. నన్నూ దీవించు.

ఇట్లు
నీ తమ్ముడు
వెంకటప్ప