ఎర్ర నీళ్లు తేటపడిన రోజు

పోచంపల్లి,
ఆదివారం.

చిరంజీవి ప్రణీతకు అమ్మ దీవెనలు. ఇక్కడ మీ నాయిన, నేను కులాసా. హాస్టల్లో నువ్వూ వేళకు తింటున్నావని అనుకుంటున్నాను. నువ్వు పరీక్షకు అడిగిన నీళ్ల సీసాలు రేపు బస్సులో అక్కడికి వచ్చే మన వీధి గిరి చేతికిస్తున్నాం. వాటితోనే ఈ ఉత్తరం.

రంగునీళ్లు తేర్చడానికి రొయ్యల పెంకులతో నువ్వు చేసిన పూసలు వాసన వస్తున్నాయా అని అడిగావు. రావడం లేదు. మీ నాయినైతే సగ్గుబియ్యమనుకుని పాయసం ఎప్పుడన్నాడు!

నిన్న పరీక్ష కోసం కాస్త పట్టుకు ఎర్ర రంగు వేశాం. మిగిలిన నీళ్లను పూసలు నింపిన గొట్టంలో గబగబా పోశాను. కింద గులాబీ నీళ్లే వచ్చాయి. నీరుగారిపోయాను. మన రంగునీళ్ల కాలువ దిగువింటి బీరమ్మ మేకల దొడ్డిలోకే పోతుంది కదా, ఆమె గోడ పక్క నుంచి చూస్తూనే ఉంది.

"గంతేనా?" అంది.

మీ నాయిన గొట్టం కింది మూతి కాస్త బిగించి, "జర నిమ్మళంగ పోయవే. పూసలు రంగు తాగాలె గద," అన్నాడు.

ఈసారి చుక్క చుక్కగా దిగాయి. బీరమ్మ వచ్చి గడప మీద కూర్చుంది. ఎన్నాళ్లుగానో మాటల్లేని మేం ఏం మాట్లాడతాం? ముందు ఎండ గురించి, తర్వాత ఆమె మోకాళ్ల నొప్పి గురించి. చివరికి, "అప్పట్ల మీ రంగుకు మా తెల్లమేకపిల్ల కాళ్లు ఎర్రగైనయి పుష్పక్కా. పారాణి పెట్టిన పెండ్లిపిల్ల లెక్క తిరిగింది," అని తనే నవ్వేసింది. నాకూ నవ్వు ఆగలేదు.

అప్పటికి గ్లాసు నిండింది. వెలుతురుకు పట్టి చూస్తే అవతల మీ నాయిన మీసం కనిపించింది! పూసలేమో దానిమ్మ గింజల్లా ఎర్రబడ్డాయి. బీరమ్మ గ్లాసు నోటి దగ్గరికి తీసుకోబోతే చెయ్యి పట్టుకున్నాను.

"రంగు పోయినా తాగొద్దన్నది బిడ్డ. ఇంకా పరీక్ష చెయ్యాల్నంట."

ఇప్పుడొక మాట. ఫోన్లో చెప్పలేకపోయాను. దసరా నుంచి మనింట్లో అద్దకం లేదు. ఈ నీళ్ల మీద బీరమ్మతో గొడవై ఆపేశాం. మీ నాయిన ఆలేరులో వాచ్‌మన్ పనికి ఒప్పుకున్నాడు. తెలిస్తే చదువు వదిలి వచ్చేస్తావని దాచాను. కోప్పడకు.

ఆ ఆలేరు సంగతి బీరమ్మకూ నిన్ననే తెలిసింది. "ఆలేరు ఎందుకు బాలన్నా? గిట్ల వడగట్టి, సీసాల సంగతి మంచిగ తేలితే రంగెయ్యి. నాకేం పంచాయితీ లేదు," అంది. మీ నాయిన లోపలికి వెళ్లి మగ్గం మీది దుప్పటి తీశాడు.

సగంలో ఆగిన చీర మళ్లీ మొదలైంది. ఇది రాస్తుంటే ఆ చప్పుడులోంచే అరుస్తున్నాడు: "పూసలు బుట్టెడు తెమ్మని రాయవే!"

ఇట్లు,
నిన్నటి నుంచి నవ్వుతూనే ఉన్న
మీ అమ్మ పుష్పమ్మ