మలుపు అవతల సముద్రం

అమ్మా, మేమిద్దరం క్షేమం, కంగారు పడకు. బస్సులు, ఆటోలు సమ్మెలో ఉన్నాయి. అందుకే ఈ లాడ్జిలో చిక్కుకుపోయాం. నాన్న స్నానానికి వెళ్లారు, ఈలోగా రాస్తున్నాను.

నిన్న ఆయన ఆగలేక, "ఇంత దూరం వచ్చి సముద్రం చూడకుండా పోతామా? నడిచిపోదాం పదమ్మా" అన్నారు. సగం దారి దాటాక మోకాలు పట్టేసి, మూసిన కొట్టు మెట్ల మీద కూలబడ్డారు. అలల హోరు వినబడుతూనే ఉంది. పక్కనే పంక్చర్లు వేసే అతను, "ఆ మలుపు తిరిగితే కనబడుతుందండీ" అన్నాడు. నాన్న రెండుసార్లు లేవబోయి, లేవలేకపోయారు. చివరికి పంక్చర్లతనూ నేనూ కలిసి ఎవరిదో కూరల బండి అడిగి, దాని మీద కూర్చోబెట్టి వెనక్కి తోసుకొచ్చాం. దారంతా నవ్వుతూనే ఉన్నారు గానీ, గదిలోకి రాగానే గోడవైపు తిరిగి పడుకున్నారు. సెలవు దొరకదని నేను ప్రయాణం వాయిదా వేయకపోతే, హాయిగా బస్సులోనే చూసొచ్చేవాళ్లం. ఆ బాధ నన్ను వదలడం లేదు.

రేపు లాడ్జి ఆయన వ్యానులో పిన్ని వాళ్లింటికి చేరి, మోకాలి వాపు తగ్గాక వస్తాం. కాపడం పెట్టే రబ్బరు సంచీ వెతికి ఉంచు. వంటింటి కుళాయి కారడం ఆగిందా? చిన్నదానికి నా ముద్దులు.

సముద్రం చూశారనే నీకు రాయమన్నారు నాన్న. ఇంటికొచ్చి అదెంత పెద్దదో చెబుతారు. కాదనకుండా విను.

నీ పెద్దమ్మాయి