గోధుమలేని గంప

బేజా, జులై 19

మన్నూబియా అక్కకు,

నీ చెల్లెలు షెద్లియా సలాములు. బావగారికి సలాం చెప్పు, పిల్లల్ని నా బదులు ముద్దుపెట్టుకో. ఇక్కడ కోతలయ్యాయి. నూర్పిళ్ళు ఇంకో రెండు వారాలు పడతాయి.

అంతా బాగానే ఉందని నీకు రెండు ఉత్తరాలు రాశాను. అందులో నిజం సగమే. మిగతా సగం ఇవాళ రాస్తున్నాను. అమ్మకి మాత్రం చదివి వినిపించకు.

మా సిహామ్‌కి ఏడేళ్ళు నిండాయి. పోయిన చలికాలం దాని కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండేవి, పొట్ట మాత్రం కుండలా ఉండేది. ట్యూనిస్ పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి, మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "ఈ పిల్ల ఒంటికి గోధుమ పడదు, బార్లీ పడదు. రొట్టె, రవ్వ, కుస్‌కుస్ ఏదీ పెట్టొద్దు. చిటికెడు కూడా పెట్టొద్దు. దీనికి మందు లేదు, తిండే మందు." నేను నవ్వాను, అక్కా. ఏడుపు రావలసిన చోట నవ్వొచ్చింది. అది గోధుమ పండించే ఇంటి పిల్ల. ఈ ఇంట్లో నేలమీద రొట్టె ముక్క కనబడితే తీసి, ముద్దుపెట్టుకుని, నుదుటికి ఆనించి, ఎవరి కాలూ తగలకుండా గోడమీద పెడతారు.

డాక్టరమ్మ చెప్పినట్టే చేద్దామని మోంజీ దారిపొడుగునా అన్నాడు. ఇంటికొచ్చి తల్లి ముందు నోరెత్తలేదు. చివరికి నేనే చెప్పాను. మా అత్త మబ్రూకా పిండి కలుపుతున్నదల్లా చేతులాపి నావైపు చూసింది.

"గోధుమ విషమంటావా? ఈ మాట ఇంకోసారి ఈ కప్పు కింద అనకు. దేవుడు వింటాడు."

నేను సిహామ్‌కి వేరే గిన్నె, వేరే చెంచా, మూతున్న ఒక అల్యూమినియం డబ్బా కొన్నాను. పొలానికి పోయినా, పెళ్ళికి పోయినా దాని తిండి ఆ డబ్బాలోనే. మేం ఏడుగురం ఒకే చెక్క పళ్ళెం చుట్టూ కూర్చుంటాం. అది గోడవైపు తిరిగి డబ్బా ఒళ్ళో పెట్టుకుని తింటుంది. అత్త వినిపించేలా అనేది. "వేరు కుంపటి పెట్టాలని నీకు ఎప్పట్నుంచో ఉంది. పిల్లని అడ్డం పెట్టుకున్నావు, అంతే."

నాలుగు నెలల్లో పిల్ల బుగ్గలు నిండాయి. కొత్త చెప్పులు కొనాల్సొచ్చింది. తర్వాత ఏమైందో, మళ్ళీ పొట్ట ఉబ్బడం మొదలైంది. తప్పు నాదే అనుకున్నాను. గుడ్డు మానిపించాను, చిక్కుళ్ళు మానిపించాను. పోయిన గురువారం చూశాను. రొట్టెల పొయ్యి వెనక అత్త గొంతుక్కూర్చుని, వేడివేడి రొట్టె తుంచి, ఆలివ్ నూనెలో ముంచి పిల్ల నోట్లో పెడుతోంది.

"బిస్మిల్లా అను. ఆ, తిను. బిస్మిల్లా అన్న ముద్ద ఎవరికీ చెడు చెయ్యదు. మీ అమ్మకి చెప్పకేం."

సిహామ్ ఎంత ఇష్టంగా తింటోందో, అక్కా. కోపం రాకముందు నాకు కనబడింది అదే.

ఆ సాయంత్రానికే వాంతులు. మూడు రోజులు మంచం దిగలేదు. నాలుగోరోజు అందరి ముందూ అత్తతో అన్నాను. "దాన్ని మీ చేతులతోనే చంపుతున్నారు." ఆవిడకి అప్పట్నుంచి నాతో మాటల్లేవు.

నేను పిల్లని తీసుకుని కెలీబియాకి, నీ దగ్గరికి వచ్చేస్తున్నాను. బడి తెరిచేదాకా అని మోంజీతో చెప్పాను. ఆ తర్వాత సంగతి నాకే తెలియదు. ఎన్నాళ్ళని అడిగాడు. తెలియదన్నాను. వెళ్ళి ట్రాక్టరు టైరు చూసుకున్నాడు. ఒక్కటే అడిగాడు. నూర్పిళ్ళయ్యాక ఏటా అందరం జువారా సముద్రానికి వెళతాం కదా, అన్నదమ్ముల ముందు పరువు పోకుండా ఆ ఒక్కరోజు ఉండమన్నాడు. ఉంటాను. తిరుగు ప్రయాణంలో నెఫ్జాలో ఐదింటి బస్సెక్కుతాను.

దారిలో పిల్లకి పెట్టడానికి కొంచెం జొన్నపిండి పంపు. మీ ఊరి మిరపకాయల లారీ నడిపే సాలెహ్‌కి ఇస్తే మా అడ్డరోడ్డు టీకొట్లో దింపుతాడు. ఇక్కడివాళ్ళకి జొన్నంటే కోళ్ళ మేత.

నీ చెల్లెలు,
షెద్లియా


బేజా, ఆగస్టు 13

అక్కా,

బావగారు బస్టాండులో రెండు బస్సులు చూసి తిరిగి వెళ్ళారని నీ ఉత్తరంలో చదివి సిగ్గేసింది. ఆయన్ని క్షమించమని అడుగు. మేం క్షేమమే. రాకపోవడానికి కారణం రాయాలని నాలుగుసార్లు కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను, నువ్వే చూసుకో.

నీ జొన్నపిండి రాలేదనుకున్నాను. టీకొట్టువాడు నాకేం తెలియదన్నాడు. అటు అత్త నాలుగు రోజులపాటు పొద్దున్నే లేచి, పై ఊళ్ళో ఉన్న కూతురు బేయా ఇంటికి వెళ్ళిపోయి చీకటిపడే వేళకి వచ్చేది. ఇంట్లో రొట్టెలు పక్కింటావిడ కాల్చి ఇచ్చింది. నేను కాపురానికొచ్చిన తొమ్మిదేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. ఏటా సముద్రానికి గంప సర్దేది అత్తా నేనూ కలిసే. ఈసారి గుమ్మంలో నిలబడి, నా మొహం చూడకుండా అంది.

"గంప నేను చూసుకుంటాను. నువ్వు నీ డబ్బా చూసుకో."

దెప్పుతోందనుకున్నాను. ఉడికించిన బంగాళాదుంపలు, గుడ్లు, నాలుగు అత్తిపళ్ళు డబ్బాలో పెట్టాను. చేతిసంచిలో అడుగున మా ఇద్దరి బట్టలు పెట్టాను.

ఆదివారం లారీలో ఇరవైరెండు మందిమి ఎక్కాం. మా పెద్దబావ హస్సూనా పట్నం నుంచి భార్యాపిల్లలతో వచ్చాడు. గంపలెత్తుతూ ఒకటే వేళాకోళం.

"ఏంటమ్మా ఇంత బరువు? తిరగలి కూడా ఎక్కించావా?"

"నోరు మూసుకుని ఎత్తు. కింద పెడితే చంపేస్తా."

సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, నాకది కొత్తా? అయినా ఆ ఇసుకదిబ్బ ఎక్కి అటు చూసేసరికి అక్కడే నిలబడిపోయాను. కెలీబియాలో సముద్రాన్ని రోజూ చూసి చూడడం మానేశాం మనం. ఏడాదిపాటు దుమ్మూ, ఊకా, ఎండిన కొయ్యకాళ్ళూ చూసిన కళ్ళతో చూడాలి. అంత నీరు ఎవరికీ చెందకుండా అలా కదులుతూ ఉండడం. పిల్లలు కూడా అరవడం ఆపేశారు, ఒక్క క్షణమే అనుకో. అత్త మాత్రం ఏటా లాగే సముద్రానికి వీపు పెట్టి గంపల పక్కన కూర్చుంది. హస్సూనా అడిగాడు.

"అమ్మా, ఒక్కసారి ఇటు తిరుగు. ఎంత బాగుందో చూడు."

"అది ఎక్కడికీ పోదు. ఇవి పోతాయి."

మధ్యాహ్నం నీడలో పెద్ద గుడ్డ పరిచారు. అత్త గంప విప్పింది. చెక్క పళ్ళెం లేదు. సెజ్నానె ఊరి ఆడవాళ్ళు కాల్చే మట్టిపళ్ళెం, కొత్తది, బండిచక్రమంత. అందులో ఒక్కొక్కటే పెట్టడం మొదలుపెట్టింది. కాల్చిన మిరపకాయలూ టమాటాలూ వెల్లుల్లితో నూరి, పైన నూనె పోసిన పచ్చడి. గుడ్లు, బంగాళాదుంప, కొత్తిమీర కలిపి పొయ్యిమీద గట్టిపరిచి కోసిన చదరపు ముక్కలు. జీలకర్ర వేసి ఉడికించిన సెనగలు. ఆలివ్ కాయలు. వేయించిన సెనగలు, పప్పులు, ధనియాలు దంచి నూనెతో కట్టిన బసీసా ఉండలు. బసీసాలో మామూలుగా బార్లీ ఉంటుంది, సిహామ్ ఎక్కడుందా అని వెతికి చూశాను. చివరికి తడిగుడ్డ విప్పింది. లోపల రొట్టెలు. ఎర్రగా, మందంగా, అంచులు పగిలి. చూడగానే తెలిసింది నాకు. జొన్నరొట్టెలు. అమ్మ చేతి వాసన, అక్కా.

హస్సూనా ఒకటి తీసి అటూ ఇటూ తిప్పాడు.

"అమ్మా, కోళ్ళ మూట పొరపాటున ఇక్కడ విప్పావా?"

"నువ్వు వస్తున్నావని తెలిసే తెచ్చా. కూర్చుని పొడుచుకు తిను."

అందరూ నవ్వారు. అతని భార్య నాజిహా పట్నం నుంచి తెచ్చిన నాలుగు పొడుగు రొట్టెలు సంచిలోంచి తీయబోయింది. అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "ఇలా ఇవ్వమ్మా." ఆ రొట్టెల్ని గుడ్డతోనే అందుకుని, వంగి వాటిని ముద్దుపెట్టుకుంది. నుదుటికి ఆనించుకుంది. పెదాలు కదిలాయి, ఏమందో వినబడలేదు. తర్వాత పెదాలూ నుదురూ కడుక్కుని, మూటని మోంజీకి ఇచ్చి లారీలో పెట్టి రమ్మంది.

"ఇవాళ ఈ గుడ్డమీద గోధుమ లేదు. ఎవరికైనా తినాలనిపిస్తే లారీలోకి పోయి తినండి. సముద్రంలో మునిగి అప్పుడు రండి."

అరవైఏళ్ళుగా గోధుమ తప్ప ఎరగని మనిషి, బంధువులందరి ముందు అలా అంటుంటే నేను చూస్తూ ఉండిపోయాను. కొండ పక్కకి జరిగితే చూసినట్టుంది.

సిహామ్ ఇవేమీ పట్టించుకోలేదు. అలవాటు ప్రకారం దూరంగా పోయి, అటు తిరిగి డబ్బా మూత తీసుకుంటోంది.

"ఏమే, మూసెయ్ దాన్ని. ఇలా రా," అంది అత్త.

పిల్ల కదల్లేదు. నావైపు చూసింది. తర్వాత పెద్దవాళ్ళలా అడిగింది. "నానమ్మా, అందులో గోధుమ ఉందా?"

"లేదు."

"బార్లీ?"

"లేదు."

"నీ చేతులకి?"

అత్త రెండు చేతులూ ఎత్తి చూపించింది. అరచేతుల్లో బొబ్బలు పగిలి ఉన్నాయి.

"నాలుగు రోజులైందే, ఈ చేతులు గోధుమ ముట్టి. రా."

సిహామ్ వచ్చి మా మధ్య కూర్చుంది. అందరితోపాటు పళ్ళెంలో చెయ్యి పెట్టింది. పక్కనున్న పిల్లాడు తన ముందున్న గుడ్డుముక్క లాక్కున్నాడని వాడితో కొట్లాడింది కూడా. ఆ కొట్లాట ఎవరూ ఆపలేదు. నేను తినలేకపోయాను.

గిన్నెలు కడగడానికి నీళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు బేయా చెప్పింది.

"వదినా, నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. అయినా చెబుతున్నా. నువ్వు ఆ మాటన్న మర్నాడే అమ్మ నన్ను తీసుకుని బేజా ఆసుపత్రికి వెళ్ళింది. ఇంట్లో ఉన్న గింజలన్నీ గుప్పెడు గుప్పెడు చిన్న మూటలు కట్టింది. పదకొండు మూటలు. పొద్దున్న ఆరింటికి వరసలో నిలబడితే మధ్యాహ్నానికి పిలుపొచ్చింది. లోపలికెళ్ళి డాక్టరు బల్లమీద అన్నీ పరిచేసింది."

"డాక్టరేమన్నాడు?"

"ముందు నవ్వాడు. ఈవిడ నవ్వలేదు. ఇది పెట్టొచ్చా, ఇది పెట్టొచ్చా అని ఒక్కొక్కటే విప్పి అడిగింది. పెట్టొచ్చంటే తెల్లదారం, కూడదంటే నల్లదారం. నాలుగైదు మూటలయ్యేసరికి ఆయన నవ్వు మానేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని తనే విప్పడం మొదలెట్టాడు. తర్వాత అడిగింది, చెక్క పళ్ళెం సంగతేంటి, రాతి తిరగలి సంగతేంటి, పిండి అంటిన చేతుల సంగతేంటి అని. ఆయన అన్నిటికీ కూడదన్నాడు. బస్సులో ఇంటిదాకా ఆ మూటలు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది, వదినా."

నీ జొన్నపిండి వచ్చిందని టీకొట్టువాడు చెబితే తీసుకుని, నాకు చెప్పొద్దని వాడితో అన్నది ఆవిడే. తిరగలి వాడకూడదు కాబట్టి బసీసా అంతా ఇత్తడి రోట్లో దంచింది. జొన్నరొట్టె చెయ్యడం రాదు. మొదటి రెండురోజులూ చేసినవన్నీ పెనం మీదే విరిగిపోతే బేయా మేకలకి వేశారట. మూడోరోజు వేణ్ణీళ్ళతో కలిపి చూసిందట. ఎవరూ చెప్పలేదు, తనే కనిపెట్టింది.

నేను గిన్నెలు పట్టుకుని తిరిగొచ్చేసరికి అత్త ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను పక్కన కూర్చోమంది.

"రొట్టె పెట్టింది ఒక్కసారి కాదు. వారానికి రెండు మూడుసార్లు. నువ్వు చూసింది ఒక్కటే."

నేను గిన్నెలు గుడ్డమీద బోర్లించాను.

"తింటుంటే దాని మొహం చూశావుగా," అంది. తర్వాత, "బస్సు ఐదింటికి కదా?" అంది.

మోంజీ చెప్పాడో, చేతిసంచి బరువు చూసి కనిపెట్టిందో. అవునన్నాను.

"ఉండమని అడగను. అడిగే మొహం లేదు నాకు. నువ్వేం తినలేదు. తినేసి పో." నాలుగు రొట్టెలు విడిగా ఒక గుడ్డలో కట్టి నా ఒళ్ళో పెట్టింది. "కెలీబియా దాకా పాడవవు."

తిన్నాను, అక్కా. ఆవిడ చూస్తుండగా ఒక రొట్టె అంతా తిన్నాను. ఉప్పు కొంచెం ఎక్కువైంది. ఆ మాట చెప్పాను కూడా. "ఈసారి తగ్గిస్తా," అంది. "ఈసారి" అన్నాక తనే తడబడి, లేచి గుడ్డ దులపడం మొదలెట్టింది.

నెఫ్జాలో లారీ ఆగింది. అవతల బస్సు నిలబడి ఉంది. మోంజీ కిందికి దూకి నా సంచి అందుకోవడానికి చెయ్యి చాపాడు. అత్త రోడ్డువైపు చూస్తోంది. సిహామ్ ఆవిడ ఒళ్ళో నిద్రపోతోంది, నోటి చివర నూనె మరక. వాంతి లేదు, నొప్పి లేదు. సంచి ఇవ్వలేదు నేను. "ఎక్కు, పొద్దుపోతోంది," అన్నాను మోంజీతో. అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. డ్రైవరు విసుక్కుని హారన్ కొట్టాడు.

ఇప్పుడంతా తేనెలా ఉందని రాస్తే నువ్వు నమ్మవు. నిన్నే నూనె వాడకం మీద గంటసేపు వాదించుకున్నాం. ఆరోజు నేనన్న మాట వెనక్కి తీసుకోవడం నాకింకా చేతకాలేదు. ఆవిడా అడగలేదు. మిగతావాళ్ళకి గోధుమరొట్టె కావాలి కదా, పొద్దున్నే ఆవిడే కాలుస్తుంది. అయ్యాక వాకిట్లోకి వచ్చి, మోచేతుల దాకా పిండితో, పిల్లకి పది అడుగుల దూరంలో ఆగిపోతుంది. అది పరిగెత్తుకొస్తే "ఆగు, ఆగక్కడ!" అని అరుస్తుంది. నేను చెంబుతో నీళ్ళు పోస్తాను. ఒకసారి కడుక్కుంటుంది. గోళ్ళు చూసుకుని, మళ్ళీ పొయ్యమని చేతులు చాపుతుంది. సిహామ్ అక్కడే నిలబడి, కాళ్ళు మార్చుకుంటూ, ఆవిడ కడుక్కోవడం అయ్యేదాకా చూస్తుంటుంది.

నీ చెల్లెలు,
షెద్లియా