ఎర్రోడి ఊరేగింపు

వన్ టౌన్, విజయవాడ,
18-8-1974, ఆదివారం.

అక్కకు తమ్ముడు అంతోని నమస్కారాలు.

‘ప్రభువు కృప వలన ఇక్కడ అందరం క్షేమం’ అని మొదలుపెట్టడం నాన్నగారు నేర్పిన పద్ధతి. అది ఇప్పుడు నా వల్ల కాదని నీకు తెలుసు. అందుచేత నా రెండు చేతుల కష్టం వలన, సంపూర్ణమ్మగారి ఇడ్లీల వలన నేనిక్కడ క్షేమం. నువ్వూ, బావగారూ, కూచిపూడి బళ్లో నీ దగ్గర నేర్చుకునే పిల్లలూ కులాసా అని తలుస్తాను. బావగారి నడుంనొప్పి తగ్గిందా?

ఇక మర్యాదలు చాలు. అక్కా, నిన్న జరిగింది నీకు రాయకపోతే నాకు అన్నం సహించేలా లేదు. వన్ టౌన్ మొత్తాన్నీ మేం ముగ్గురం కలిసి బోల్తా కొట్టించాం! మిరపకాయల కొట్లవాళ్లూ, బట్టల కొట్లవాళ్లూ, పైసా జారితే ప్రాణం జారినట్టు ఏడ్చే షావుకార్లంతా చెప్పులు విడిచి ఒక వీధికుక్కకి దండాలు పెట్టారు! ఆగు, వరసగా చెబుతాను.

నేను గుమాస్తాగా ఉన్న బెల్లం కొట్టు అరుగు మీద ఎర్రోడని ఒక కుక్క పడుకునేది. సందులోని గోడౌన్లన్నింటికీ వాడే కాపలా. జీతం లేదు, సెలవు లేదు. శ్రమ దోపిడీ గురించి నేను చదివిన కరపత్రాల్లో ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. వాడికి తిండి పెట్టింది మాత్రం సందు మొదట్లో ఇడ్లీలమ్మే సంపూర్ణమ్మగారొక్కరే. ఆవిడకి ఎవరూ లేరు. వాడే ఉండేవాడు.

మొన్నటి గాలివానకి కరెంటు తీగ ఒకటి తెగి, సందులో నిలిచిన నీళ్లలో పడింది. నిన్న పొద్దున్నే మా కొట్టు హమాలీ హనుమయ్య తోపుడుబండి తోసుకుంటూ వస్తున్నాడు. ఎర్రోడు ఎప్పటిలాగే బండి ముందు పరుగెత్తాడు. నీళ్లలో కాలు పెట్టాడు, ఒక్క అరుపు అరిచాడు, అంతే. హనుమయ్య బండి వదిలేసి వెనక్కి దూకాడు. అతణ్ణి కాపాడటానికే ఎర్రోడు ప్రాణమిచ్చాడని సంపూర్ణమ్మగారంటారు. నేను సైన్సు నమ్మేవాణ్ణి, అలా అనను. వాడు ముందు నడిచాడు, హనుమయ్య వెనక నడిచాడు, హనుమయ్య బతికున్నాడు. అంతవరకే అంటాను.

కరెంటు ఆపించి నేను వెళ్లేసరికి, కొట్లింకా తెరవకముందే, చెత్తబండి రానే వచ్చింది. చచ్చిన కుక్క కాళ్లకి తీగ చుట్టి, బండి వెనక కట్టి ఈడ్చుకుపోవడం వాళ్ల పద్ధతి. సంపూర్ణమ్మగారు వాడి తల ఒళ్లో పెట్టుకుని బురదలో కూచున్నారు. ‘ఈడవనివ్వమాక నాయనా, ఇంత మట్టిలో పెట్టించు, నీకు పుణ్యముంటది’ అని నా కాళ్లు పట్టుకోబోయారు. ఇక నా కోపం సంగతి నీకు తెలుసుగా! బండివాడి చేతిలోంచి తీగ లాక్కుని మురిక్కాలవలోకి విసిరేశాను. మనిషికి కులం పెట్టింది చాలక చచ్చిన జంతువుకీ కులమా? కొండ మీద కోతి చచ్చిపోతే ఈ బజారంతా కొట్లు మూసి, భజనలతో ఊరేగించి సమాధి కడుతుందే, కుక్క చేసిన పాపమేమిటని గొంతు చించుకున్నాను. బండివాడు అంతా విని, ‘ఉపన్యాసం అయినాక చెప్పండి బాబూ, నాకింకా చాలా సందులున్నయ్’ అన్నాడు. పాపం, అతనిదీ జీతపు బతుకే. కృష్ణ ఒడ్డున మేమే పాతిపెడతామని బతిమాలితే, తిరిగొచ్చేలోపు తీసేయకపోతే ఈడ్చుకుపోవడమేనని చెప్పి వెళ్లాడు.

హనుమయ్య బండి మీద గోనెపట్టా పరిచాడు. సంపూర్ణమ్మగారు ఇంట్లోంచి ఉతికిన కాషాయరంగు దుప్పటి తెచ్చి, నిండా కప్పారు. ఇంతలో ఎదురు బట్టల కొట్టు పూర్ణచంద్రరావుగారు పరుగులాంటి నడకతో వచ్చారు. బజారు భజన సమాజానికి ఆయనే పెద్ద. వస్తూనే చెప్పులు విడిచి, లెంపలేసుకుని, ‘కరెంటు తగిలిందటగా, అయ్యో స్వామీ! ఏ తీగ మీంచి దూకబోయాడయ్యా?’ అని అడిగారు.

ఒక్క క్షణం నాకేం అర్థం కాలేదు. దుప్పటి కింద ఉన్నది కోతి అనుకుంటున్నారని అర్థమయ్యాక నోరు తెరిచాను. జన్మలో అబద్ధమాడనని శపథం పట్టినవాణ్ణి కదా! నేను మాట మొదలుపెట్టేలోపే హనుమయ్య చెయ్యెత్తి, ‘అదిగోనండి, ఆ పై తీగ మీంచేనండి’ అని చూపించాడు. మొహంలో ముడత కదిలితే ఒట్టు! సంపూర్ణమ్మగారు నా చెయ్యి గట్టిగా గిల్లి, ‘నీ సత్యం కాసేపు జేబులో పెట్టుకో నాయనా. బయటికి తీశావంటే నా ఎర్రోడికి చెత్తబండే గతి’ అన్నారు.

నిజమే అక్కా. కాషాయం కింద ఉన్నది కుక్కని తెలిస్తే దేవుణ్ణి ఎగతాళి చేశామని హనుమయ్య వీపు పగలగొడతారు. నేనా, కిరస్తానీ కుర్రాణ్ణి. నా ఉద్యోగం ఆ పూటే ఊడుతుంది. అవి పోతే పోనీ, ఎర్రోణ్ణి బండి మీంచి లాగి బజార్లో పడేస్తారు. ఆవిడ మొహం చూసి నోరు మూసుకున్నాను. నిప్పు మింగినట్టే ఉంది.

పైగా శనివారం! చూస్తుండగానే తాళాలొచ్చాయి, హార్మోనియం వచ్చింది, బండి నిండా బంతిపూలు పడ్డాయి. కొట్లన్నీ సగం తలుపులు దించాయి. మిరపకాయల షావుకార్లు పోటీలు పడి కొబ్బరికాయలు కొట్టారు. ‘ఆంజనేయస్వామికీ’ అని పూర్ణచంద్రరావుగారు అందుకుంటే జై కొట్టడంలో బజారంతటికీ నాదే పెద్ద గొంతు. నినాదాలతో పండిన గొంతు మరి! కిరస్తానీ కుర్రాడికి ఎంత భక్తో చూడండమ్మా అంటూ ఒకావిడ నా నెత్తిన అక్షింతలు వేసింది. నాస్తికుడి నెత్తిన!

పూల కొట్ల మలుపులో హారతి పళ్లెం వచ్చింది. పూర్ణచంద్రరావుగారు బండి ఆపించి, ‘స్వామి ముఖం చూడకుండా హారతేమిటి, దుప్పటి తియ్యండయ్యా’ అన్నారు. సంపూర్ణమ్మగారు బండికి అడ్డం పడి, ‘వద్దు బాబూ, వద్దు’ అని తప్ప ఇంకో మాట అనలేకపోయారు. ఆయన చెయ్యి దుప్పటి అంచు మీద పడింది. ఇక నేను అరిచేసేవాణ్ణే, కుక్కే, అయితే ఏంటని! సరిగ్గా అప్పుడు జనాన్ని తోసుకుని మా షావుకారు అచ్యుతరామారావుగారు వచ్చారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన పూర్ణచంద్రరావుగారి చెయ్యి పట్టుకుని, ‘పూర్ణయ్యా, మతుండే చేస్తున్నావా? కరెంటు కొట్టి పోయిన స్వామి ముఖం చూస్తే ఇంటికి అరిష్టం. మా తాతగారు చెప్పేవారు’ అన్నారు.

వాళ్ల తాతగారి కాలంలో కరెంటెక్కడిది? ఒక్కడంటే ఒక్కడు అడగలేదు! అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. ఇన్నాళ్లూ నేను తిట్టిపోసిన మూఢనమ్మకమే నిన్న మమ్మల్ని గట్టెక్కించింది.

కృష్ణ ఒడ్డున వరద అందని మెరక మీద హనుమయ్యా నేనూ గొయ్యి తవ్వాం. దుప్పటితోనే దించాం. జనమంతా వెళ్లాక సంపూర్ణమ్మగారు ఆ మట్టిని పసిపిల్లని జోకొట్టినట్టు అరచేత్తో తట్టారు. పూలదండల కుప్ప చూసి, ‘మా ఆయన పోయినప్పుడు కూడా ఇంతమంది రాలేదు నాయనా’ అని నవ్వారు. అక్కా, ఆ నవ్వు కోసం ఇంకో వంద అబద్ధాలు మింగొచ్చు.

ఇది విప్లవం కాకపోతే మరేమిటి? కూలి లేకుండా కాపలా కాసినవాడికి షావుకార్ల చేతే, వాళ్లకి తెలియకుండానే, దండం పెట్టించాం! బావగారికి చదివి వినిపించు. నాన్నగారికి మాత్రం వద్దు. ఆంజనేయస్వామికి జై కొట్టానన్న మాట దగ్గరే లేచిపోతారు, కుక్క దాకా వినరు.

నీ కోపిష్ఠి తమ్ముడు,
అంతోని.

తా.క.: సోమవారం ఉదయం. కవరు అంటించబోతుంటే అచ్యుతరామారావుగారు లోపలికి పిలిచి తలుపు వెయ్యమన్నారు. గల్లాపెట్టె మీంచి తల ఎత్తకుండానే, ‘గొయ్యి లోతుగా తీశార్రా? నక్కలు లాగవుగదా?’ అన్నారు. కోతులకి సమాధి కూడా కడతారు కదండీ, నక్కల భయమెందుకు అన్నాను. అప్పుడు తల ఎత్తారు. ‘ఏ కోతిరా?’ అన్నారు.

మేడ మీద పళ్లు తోముకుంటూ, ఎర్రోడు పడిపోవడం కళ్లారా చూశారట. కోతి పోయిందని పూర్ణచంద్రరావుగారికి కబురంపింది ఆయనే! ‘కుక్కంటే ఆ పూర్ణయ్య గుమ్మం దిగుతాడా? నేను కుక్క వెనకాల నడిస్తే బజారు నవ్వదా? ఇన్నేళ్లు నా అరుగు మీద పడుకుందిరా అది’ అన్నారు. గల్లాపెట్టె మూత వేస్తూ, ‘దారి పొడుగునా నీ మొహం చూస్తేనే నాకు గుండె దడ. ఎక్కడ నిజం కక్కేస్తావోనని. పో, పని చూసుకో’ అని మళ్లీ తల దించుకున్నారు.

అక్కా, షావుకార్ల గురించి నేను చదివిన ఏ కరపత్రంలోనూ ఇది లేదు. ఎల్లుండి హమాలీల కూలి పెంచమని ఇదే మనిషిని నేను నిలదీయాలి. నిలదీస్తాను, అందులో మార్పు లేదు. కాకపోతే ఆయన కళ్లలోకి చూస్తూ ఎలా అరవాలో నువ్వైనా చెప్పు.