ఆ గడిలో పేరు

అక్కా,

నువ్వు ఉత్తరాలు నిలబడే చదువుతావు. ఇది మాత్రం కూర్చుని చదువు.

మొదటి జీతం వచ్చింది. నలభై వేలన్నారు, చేతికొచ్చింది ఇరవై తొమ్మిది వేలు. పదకొండు వేలు నా కంట పడకుండానే ఎగిరిపోయాయి. జీతం రాగానే ఇరవై వేలు పంపుతాను, లాండ్రీలో ఇస్త్రీ పని మానేసి నొప్పెట్టే ఆ మోచేతికి విశ్రాంతి ఇవ్వొచ్చని నీకు మాటిచ్చాను కదా. అద్దె, తిండి పోగా పన్నెండు వేలు మిగులుతాయి.

ఊరుకుంటానా? లెక్కల విభాగానికి వెళ్ళి, శ్రమ దోపిడీ మీద నేను చదివిన కరపత్రాలన్నీ ఆ బల్ల మీద దులిపేశాను. గుమాస్తా ఆవిడ తన టీ చల్లారేదాకా విని, జీతం చీటీ నా వైపు తిప్పింది. మూడు వేల రెండు వందలు పింఛను నిధికట, కంపెనీ కూడా అంతే కలుపుతుందట, పెద్దయ్యాక నాకే వస్తుందట. పన్నెండు వందలు ఆరోగ్య బీమాకి. మిగతా ఆరు వేల ఆరు వందలు ఆదాయపు పన్ను. ఇంత పన్నేమిటని అడిగాను. ఆధారపడినవాళ్ళుంటే తగ్గేదని, నేను చేరినప్పుడు నింపిన కాగితం తీసి చూపించింది. ఆధారపడినవాళ్ళ గడిలో నా దస్తూరీయే: 'మనిషి మీద మనిషి ఆధారపడటం అవమానం.'

"బాబూ, అక్కడ నినాదం కాదు, పేరు రాయాలి" అంది. వెనక ఎవరో నవ్వారు.

అమ్మానాన్నా పోయాక నన్ను నిలబెట్టినదానివి. నా మీద ఆధారపడ్డావని నిన్నెలా రాయను?

ఇక్కడ రోజంతా నీటి గొట్టాల నక్షాలు సరిచూస్తాను. ఏ వంపులో ఒత్తిడి పెరుగుతుందో చెప్పగలను. మధ్యాహ్నం అందరూ బల్లలు దగ్గరికి లాక్కుని తింటారు. నేను గోడ వైపు తిరిగి తింటాను. మొదట్లో పిలిచేవాళ్ళు. ప్రతి మాటకీ వాదన పెట్టుకున్నాక మానేశారు. సాయంత్రం గది తాళం తీస్తే, పొద్దున నేను కుర్చీ మీద పడేసిన తువ్వాలు అలాగే ఉంటుంది. ఎవరూ తిట్టరు, ఎవరూ ఆరేయరు. నిన్న నాతో నేనే పైకి మాట్లాడుకుని, ఆ గొంతు విని ఉలిక్కిపడ్డాను.

రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను. సోమవారం ఇచ్చేస్తాను. ఈ దోపిడీ కింద నేను బతకను.

నీ చిచ్చుబుడ్డి


చిచ్చుబుడ్డీ,

కూర్చునే చదివాను, రెండుసార్లు. మొదటిసారి ఒళ్ళు మండింది. రెండోసారి ఆ తువ్వాలు కనపడింది.

జీతం కోసేశారని రాజీనామా అంటున్నావు గానీ, నీకక్కడ పలకరించే మనిషి లేడురా. వాళ్ళు పిలిచేదాకా చూడకు. నోటి దురుసు నీది, కాబట్టి కుర్చీ నువ్వే లాక్కెళ్ళి వాళ్ళ మధ్య వేసుకో.

పన్నెండు వేలు చాలు. ఇక నుంచి ఒక్క పూటే పని చేస్తానని ఓనరుకి చెప్పేశాను. నాకు ఆ కాస్త జీతమే ఉంటే నీ కాగితంలో నేను ఆధారపడినదాన్నే అవుతానట, కనుక్కున్నాను.

పదో తరగతిలో గోడ దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నావు. ఆపరేషనుకి డబ్బెక్కడిదని నువ్వెప్పుడూ అడగలేదు. నా కూలిలో నెలనెలా కోసుకున్న బీమాతోనే అయింది. నా ఒక్కదాని సొమ్ము ఏ మూలకి? నిన్నెప్పుడూ చూడనివాళ్ళ కూలి కూడా అందులో ఉంది. అందరి కోసం అందరూ అని నీ కరపత్రాల్లో రాస్తారే, అది ఇదే కదరా?

లాండ్రీలో నా కాగితానికీ ఆ గడి ఉంది. పన్నెండేళ్ళుగా అందులో నీ పేరే ఉంది. నీకేమైనా అవమానం జరిగిందా? నాకైతే ఆ పేరు చూసినప్పుడల్లా త్వరగా ఇంటికెళ్ళాలనిపించేది.

నీకు ఉద్యోగం వచ్చింది కదా, ఇక ఆ పేరు తీసేయాలని ఓనరు రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ కలం తీసి మళ్ళీ మూత పెట్టేశాను. నీ కాగితంలో నా పేరు రాసినట్టు ఉత్తరం రానీ, ఆ రోజు ఇక్కడ నీ పేరు కొట్టేస్తాను. మధ్యలో ఒక్క రోజైనా మనిద్దరం ఏ గడిలోనూ లేకుండా ఉండొద్దు.

అక్క