పెట్టెలో అక్క గొంతు

నరసాపురం, మాఘ బహుళ తదియ

ప్లీడరుగారు తెప్పించిన ఫోనోగ్రాఫు పాటలు వినిపించడమే కాదు, మైనపు గొట్టం మీద మన గొంతు కూడా పడుతుందట. నాకే అలాంటి పెట్టె ఉంటే ఏ పాటలు దాచుకుంటానా అని ఇంటికొచ్చే దారంతా ఆలోచించాను. కచేరీల విద్వాంసులు ఒక్కరూ మనసుకు రాలేదు. అన్నీ మా అక్క పెళ్లిపాటలే. బావగారు పోయిన ఏడే మా ముసలి పురోహితుడు ఆమె చేత వాటిని మాన్పించాడు. విధవ గొంతు అశుభమట! నేను చదివిన ఏ శాస్త్రంలోనూ ఆ మాట లేదు.

సాయంత్రం అక్కని అడిగాను.

"అప్పగింతల పాట ఒక్కటి పాడవే. ఆ ముసలాడి మనవరాలి పెళ్లిలో వినిపిస్తాను. అందరూ మెచ్చుకున్నాక నీ పేరు చెప్పి వాడి మొహం చూస్తాను."

"నీ కచ్చ తీర్చుకోడానికి ఆ పసిదాని పెళ్లే దొరికిందేంట్రా?" అంది.

చేస్తున్న వత్తులు పక్కన పెట్టి, "పాడతాన్లే. కానీ పాడింది నేనని ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి" అంది.

నేనడిగితే ప్లీడరుగారు రేపు పెట్టె పంపుతానన్నారు. ఒట్టు వెయ్యకపోతే పాట లేదు. వేస్తే ఆ ముసలాడు గెలిచాననుకుంటూనే కాటికి పోతాడు. పాట కావాలో పగ కావాలో అక్క ముందు వెంటనే చెప్పలేకపోయాను. ఇప్పటికీ...